కార్డు మేకుకి, తాళంచెవి చేతికి: ఒక రైతు బజారు మరుగుదొడ్ల కేసు

కోస్తా ఆంధ్రలో ఒక మునిసిపాలిటీకి పారిశుద్ధ్య సలహాదారుగా చేసిన పని ఇది. ఊరి పేరు రాయడం లేదు. ఆ మనుషులు అక్కడ ఇంకా వ్యాపారం చేసుకుంటున్నారు. రైతు బజారు గేటు దాటగానే, ఉల్లిపాయల షెడ్డు వెనక మరుగుదొడ్ల బ్లాకు ఉంటుంది. మగవాళ్ళకు 5 గదులు, ఆడవాళ్ళకు 4, పక్క గోడవారగా యూరినల్స్. స్వచ్ఛ భారత్ మార్గదర్శకాల ప్రకారం పబ్లిక్ టాయిలెట్‌లో మగవాళ్ళు 100 నుంచి 400 మంది ఉంటే ఒక సీటు, ఆడవాళ్ళు 100 నుంచి 200 మంది ఉంటే 2 సీట్లు కావాలి. ఆ లెక్కన కాగితం మీద ఈ బ్లాకుకు వంక పెట్టడానికి లేదు. టైల్స్ ఉన్నాయి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, బోరు ఉంది. పొద్దున ఎనిమిది దాటితే మాత్రం లోపల కాలు పెట్టలేం.

అంతకుముందున్న ఏర్పాటు అన్ని ఊళ్ళలో కనిపించేదే. పే అండ్ యూజ్ కాంట్రాక్టు. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకి. పాట డబ్బు మునిసిపాలిటీకి కట్టేశాక, దాన్ని తిరిగి రాబట్టుకోవడం కాంట్రాక్టరు పని. అతను పెట్టిన కుర్రాడు బయట కుర్చీలో కూర్చుని డబ్బులు తీసుకునేవాడు. డబ్బు లోపలికి వెళ్ళేముందే వచ్చేస్తుంది. వెళ్ళినవాడు ఏం చేసి వచ్చాడో చూసినందువల్ల ఆ కుర్రాడికి గానీ, వాళ్ళ ఓనరుకి గానీ పైసా లాభం లేదు. మొత్తం ఏర్పాటులో నాకు కనిపించిన అసలు లోపం ఇదే. కాపలా ఉంది, కానీ అది తప్పు వైపు తిరిగి కూర్చుంది.

'మూత్రానికి ఉచితం' అని బోర్డు కూడా ఉండేది. ఆడవాళ్ళ దగ్గర మాత్రం దేనికి వెళ్ళినా 10 రూపాయలు. ఇది ఆ ఊరి జబ్బు ఒక్కటే కాదు. అమెరికాలో పే టాయిలెట్లు ఎత్తెయ్యాలని 1970లో ఒహాయో రాష్ట్రంలో కొందరు కుర్రాళ్ళు ఒక సంఘం పెట్టారు. వాళ్ళ వాదనల్లో గట్టిది ఇదే: యూరినల్‌కు డబ్బులు లేవు, తలుపున్న గదికి ఉన్నాయి, కాబట్టి ప్రతిసారీ కట్టేది ఆడవాళ్ళే. 1973లో షికాగో నగరం పే టాయిలెట్లను నిషేధించింది, ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. వాటి స్థానంలో ఉచితమైనవి రావాల్సినన్ని రాలేదు. అందుకే ఫీజు ఉండాలా వద్దా అన్న చర్చలోకి నేను పెద్దగా దిగను. ఎవరి దగ్గర, దేనికి తీసుకుంటున్నాం, ఆ డబ్బు ఎవరికి పోతోంది అన్నదే చూస్తాను.

పని మొదలుపెట్టినప్పుడు మేము చేసింది ఒక్కటే. బ్లాకు దగ్గర కూర్చుని, ఏ గది ఎప్పుడు పాడవుతోందో నోట్‌బుక్‌లో రాసుకున్నాం. గది మెల్లమెల్లగా మురికి కాదు. ఒక్కసారి పాడవుతుంది. డ్రమ్ములో నీళ్ళు అయిపోయి ఉంటాయి, లేదా మగ్గు పక్క గదిలోకి పోయి ఉంటుంది. ఒకాయన నీళ్ళు పొయ్యకుండా వచ్చేస్తాడు. తర్వాత వచ్చినవాడు పాన్ మీద సరిగ్గా కూర్చోడు, అంచు మీద కూర్చుంటాడు. మూడోవాడు తలుపు దగ్గరే కానిచ్చేస్తాడు. అక్కడినుంచి ఇక నీళ్ళు పొయ్యాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఎవరిని అడిగినా "నేను వెళ్ళేసరికే అలా ఉందండీ" అంటారు. చాలాసార్లు అది నిజం కూడా. తిలాపాపం తలా పిడికెడు. కావాలని పాడుచేసేవాళ్ళు, గుట్కా ఉమ్మేవాళ్ళు, క్వార్టర్ సీసా పాన్‌లో వేసి పోయేవాళ్ళు ఉన్నారు గానీ, బ్లాకు నాశనం కావడానికి వాళ్ళు అక్కర్లేదు. తొందరలో ఉన్న మామూలు మనిషి, నీళ్ళు లేని డ్రమ్ము ఉంటే చాలు.

ఇంకో సంగతి కూడా తేలింది. వాడేవాళ్ళలో ఎక్కువమంది రోజూ వచ్చేవాళ్ళే. కూరగాయలు తెచ్చే రైతులు, స్టాళ్ళు నడిపే డ్వాక్రా మహిళలు, కళాసీలు, టీ కొట్టు వాళ్ళు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి దిగుతారు, మధ్యాహ్నం దాకా అక్కడే. కొనడానికి వచ్చేవాళ్ళు గంటలో వెళ్ళిపోతారు, వాళ్ళలో బాత్రూమ్‌కి వెళ్ళేవాళ్ళు కొద్దిమందే. అంటే ఇది పేరుకు పబ్లిక్ టాయిలెట్, వాడకంలో చాలావరకు ఒకరికొకరు తెలిసిన మనుషుల ఉమ్మడి దొడ్డి. తెలిసిన మనుషులు అపరిచితుల్లా వాడుతున్నారు, అంతే తేడా.

ఈలోగా యంత్రాల ప్రతిపాదనలు వచ్చాయి. కార్డు తాకిస్తే తెరుచుకునే గేటు, వేలిముద్ర, బయట కెమెరా, వాడాక స్క్రీన్ మీద నవ్వు ముఖమో ఏడుపు ముఖమో నొక్కడం. ఆఫీసులో అందరికీ నచ్చింది. ఫోటో బాగా వస్తుంది కదా. నేను ఒప్పుకోలేదు. మన నగరాల్లో నాణెం వేస్తే తలుపు తెరుచుకునే ఈ-టాయిలెట్లు ఎన్ని మూతపడి రోడ్డు పక్కన నిలబడి ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. సెన్సర్ పోతే తలుపు రాదు, కరెంటు పోతే ఫ్లష్ రాదు. బాగుచేసే మనిషి వేరే రాష్ట్రం నుంచి రావాలి. డబ్బున్న నగరాలకూ ఇదే అయింది. అమెరికాలో సియాటిల్ నగరం 2004లో తనను తాను కడుక్కునే మరుగుదొడ్లు 5 పెట్టింది. సుమారు 50 లక్షల డాలర్ల ఖర్చు. మనుషులు వేసే చెత్తను ఆ కడిగే యంత్రం తట్టుకోలేకపోయింది, లోపల మత్తుమందుల వ్యవహారం మొదలైంది. 2008లో వాటిని ఈబేలో అమ్మేస్తే అన్నిటికీ కలిపి 12 వేల డాలర్ల చిల్లర వచ్చింది. అదే దేశంలో శాన్ ఫ్రాన్సిస్కో 2014లో వేరే దారి పట్టింది. 'పిట్ స్టాప్' పేరుతో పెట్టిన టాయిలెట్ల దగ్గర జీతమిచ్చి ఒక మనిషిని నిలబెట్టింది. అది నిలబడింది, విస్తరించింది.

యంత్రాన్ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. లాస్ ఏంజెలెస్ మెట్రో స్టేషన్ల దగ్గర 2023 నుంచి నడుస్తున్న టాయిలెట్లు ఫోన్‌తోనో కార్డుతోనో తెరుచుకుంటాయి. గది ఎలా ఉందో వాడినవాళ్ళను అడుగుతాయి. మళ్ళీ మళ్ళీ పాడుచేసేవాళ్ళకు ఇక తలుపు తెరుచుకోదు. అందులో నాకు పనికొచ్చింది ఆ ఫోన్ కాదు. ఈ వాడకానికీ ఆ వాడకానికీ మధ్య ఒక గీత గీయడం. ఫలానా గది ఫలానా మనిషి వెళ్ళేముందు బాగుంది, వచ్చాక బాగోలేదు అని చెప్పగలగాలి. ఆ గీత గియ్యడానికి మా రైతు బజారులో కంప్యూటర్ అక్కర్లేదు.

గీత గీసేముందు ప్లంబింగ్. ఇది చెయ్యకుండా వాడకందారుల బాధ్యత గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. నీళ్ళు ఇవ్వకుండా నీళ్ళు పొయ్యలేదని ఎవరినీ అడగలేం. పాత పాన్‌లకు బకెట్ నీళ్ళు గుమ్మరించినా కదిలేది కాదు. వాటిని తీసేసి రూరల్ పాన్‌లు పెట్టించాం. దాని అడుగు వాలు ఎక్కువ, 25 నుంచి 28 డిగ్రీలు ఉంటుంది. కింద ట్రాప్‌లో, అంటే వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపు గొట్టంలో, నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళకే మొత్తం కొట్టుకుపోతుంది. పట్టణంలో గ్రామాల పాన్ ఏమిటని ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఒకాయన చిన్నబుచ్చుకున్నారు. ఫ్లష్ ట్యాంకులు తీసేశాం, అవి ఎలాగూ పనిచెయ్యడం లేదు. ప్రతి గదిలో కుళాయి కింద చిన్న సిమెంటు తొట్టి కట్టించి, మగ్గుకు గొలుసు వేయించాం. ఇత్తడి కుళాయిలు దొంగలకు పోతున్నాయని ప్లాస్టిక్‌వి బిగించాం. లైటు స్విచ్ బయటికి తెచ్చాం. బోరు మోటారు కాలిపోతే నీళ్ళ ట్యాంకర్ ఎవరు పంపాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే రాయించుకున్నాం.

తర్వాత కార్డులు. రైతు బజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. దళారులు రైతుల వేషంలో దూరకుండా అమ్మే రైతుకు ఫోటోతో గుర్తింపు కార్డు ఇచ్చే పద్ధతి ఉంది. ఆ కార్డు లేనిదే స్టాల్ లేదు, కాబట్టి దాన్ని ఎవరూ పారేసుకోరు. మాకు కావలసిన యాక్సెస్ కార్డు ప్రభుత్వమే ఇచ్చి పెట్టింది. కళాసీలకు వాళ్ళ యూనియన్ కార్డు, టీ కొట్టు వాళ్ళకు బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ సంతకంతో అట్టముక్క.

ఏర్పాటు ఇది. కౌంటర్ పక్కన చెక్క పలక, దానికి గదికో మేకు. మేకుకు ఆ గది తాళంచెవి వేలాడుతుంది. మీరు వచ్చి కార్డు ఇస్తారు. కౌంటర్లో ఉన్న ఆమె కార్డును మేకుకు తగిలించి తాళంచెవి మీ చేతికిస్తుంది. మీరు తిరిగొచ్చి తాళంచెవి ఇస్తారు. ఆమె లేచి వెళ్ళి గదిలో ఒక చూపు చూసి వచ్చి కార్డు ఇస్తుంది. బాగుంటే మాటే లేదు. బాగోకపోతే, "ఇంకో రెండు మగ్గులు పోసి రండి." అంతే శిక్ష. జరిమానా లేదు, పేర్ల పట్టిక లేదు, గోడ మీద ఫోటో లేదు. రోజూ వచ్చేవాళ్ళకు స్టాల్‌కు నెలకింత అని చందా. కొనడానికి వచ్చేవాళ్ళకు కౌంటర్‌కు దగ్గరగా ఉన్న గదులు, 5 రూపాయలు, వాళ్ళ దగ్గర కార్డు అడగం, గది మాత్రం చూస్తాం. యూరినల్స్‌కు డబ్బూ లేదు, తాళమూ లేదు. ఆడవాళ్ళు మూత్రానికి వెళ్తే డబ్బు లేదు. దేనికి వెళ్తున్నావని అడగడమూ లేదు. వాళ్ళు చెప్పిందే లెక్క. అబద్ధం చెప్పి 5 రూపాయలు మిగుల్చుకుంటే మిగుల్చుకోనీ.

మొదట్లో గొడవలు జరిగాయి. ఒకరోజు నేనక్కడే ఉన్నాను. వయసులో ఉన్న కళాసీ ఒకడు చెవి కౌంటర్ మీద పడేసి చెయ్యి చాపాడు.

"అక్కా, కార్డియ్యి. లారీ వచ్చేసింది."

"ఒక్క నిమిషం ఆగు తమ్ముడూ, చూసొస్తా."

ఆమె వెళ్ళి వచ్చింది. కార్డు తియ్యలేదు.

"ఏంటక్కా, నేను కాదది. ముందోళ్ళు చేసిందే."

"ముందోళ్ళు వెళ్ళాక నేను చూసొచ్చాకే నీకు చెవి ఇచ్చా. నీళ్ళున్నాయి, పోసి రా."

వాడు గొణుక్కుంటూ వెళ్ళి పోసి వచ్చాడు. ఈ ఏర్పాటంతా నిలబడింది ఆ ఒక్క మాట మీదే. 'ముందోళ్ళు' అనే మనిషి ఆ బ్లాకులో లేకుండా పోయాడు. కాబట్టి చూపు చూడటం ఒక్కరోజు మానేసినా మొత్తం కూలిపోతుంది. చూడకుండా చెవి మాత్రం ఇచ్చి పుచ్చుకుంటే అది మళ్ళీ పాత కుర్చీలో కుర్రాడే.

పొద్దున ఐదు నుంచి ఏడు దాకా రద్దీ. ప్రతి వాడకం తర్వాత ఒక్క మనిషి లేచి చూడటం కుదిరే పని కాదు. ఆ రెండు గంటలకు ఇంకొకరిని పెట్టాం. ఒకరు కౌంటర్, ఒకరు గదుల దగ్గర. ఇద్దరికీ డబ్బు ఎక్కడిదని మునిసిపాలిటీ అడిగింది. ఆ రెండు గంటల్లో చూడకపోతే మిగతా పది గంటల జీతం దండగని చెప్పాను. అప్పటికీ వరస పెరిగితే నియమం ఒకటే: ముందు వెళ్ళు, కార్డు తర్వాత. విరేచనాలతో వచ్చినవాణ్ణి, పెద్దవాళ్ళను, గర్భిణులను, పిల్లలను కార్డు అని ఆపితే ఆ కౌంటర్ ఉండీ దండగే. ఒంట్లో బాగోనివాళ్ళు గది పాడుచేస్తే నీళ్ళు మేమే పోస్తాం, ఏమీ అనం.

తాళంచెవుల్లో మోసం కూడా వచ్చింది. కొందరు బజారు బయట నకిలీ చెవులు చేయించుకుని నేరుగా వెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు, వరసలో నిలబడటానికి ఓపిక లేదు. కానీ కార్డు లేని వాడకం ఒకటి మధ్యలో దూరితే తర్వాతివాడి మీద నింద పడుతుంది. తాళాల కప్పలు మార్చాం, చెవికి అరచేతి పొడవు చెక్క కట్టాం, జేబులో పట్టకుండా. స్టాళ్ళ కమిటీ కూడా మాట్లాడింది. నిజానికి ఆపింది కమిటీయే. నింద పడిన రైతు కమిటీలో లేచి తన పక్క స్టాల్ ఆయన్నే అడిగాడు.

ఆడవాళ్ళ వైపు కథ వేరు. అక్కడ మురికి తక్కువ, పూడికలు ఎక్కువ. ప్యాడ్లు పాన్‌లో వేసేస్తారు, ఎందుకంటే బయటికి తీసుకురావడానికి సిగ్గు. దీన్ని తనిఖీతో, తాళంచెవితో పట్టుకోవాలనుకుంటే ఘోరం. గదిలోనే మూత ఉన్న బుట్ట, గోడకు పాత పేపర్ల కట్ట పెట్టాం. బుట్ట తీసేది ఆడమనిషే. అక్కడ తనిఖీ సడలించాం. మరీ అవసరమైతే తప్ప ఎవరినీ వెనక్కి పిలవొద్దని కౌంటర్‌కు చెప్పాం. పూడికలు తగ్గాయి. ఇంకో మార్పు నేను లెక్కలో పెట్టుకోనిది. ఆకుకూరల వరసలో ఒకావిడ చెప్పింది: "ఇదివరకు ఇంటికెళ్ళేదాకా నీళ్ళు తాగేదాన్ని కాదు బాబూ, ఇప్పుడు బాటిల్ తెచ్చుకుంటున్నా." ఆడవాళ్ళ మరుగుదొడ్డి బాగుందో లేదో తెలియాలంటే స్టాల్ పక్కన నీళ్ళ సీసా ఉందేమో చూడమని అప్పటినుంచి కొత్తగా వచ్చే ఇన్‌స్పెక్టర్లకు చెబుతున్నాను.

కులం సంగతి చెప్పకుండా ఈ కేసు పూర్తి కాదు. కౌంటర్లో ఉన్నామె పారిశుద్ధ్య కార్మికుల కుటుంబం నుంచి వచ్చింది. కొందరు స్టాళ్ళ వాళ్ళు ఒక సూచన తెచ్చారు. చెవులను బయట పలకకు వేలాడదీస్తే ఎవరి చెవి వాళ్ళు తీసుకుంటారట, ఆమెకు శ్రమ ఉండదట. ఆమె శ్రమ గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆమె చేతి నుంచి తీసుకోవడం ఇష్టం లేదన్న సంగతి అడిగినవాళ్ళకూ తెలుసు, విన్నవాళ్ళకూ తెలుసు. పలక లోపలే ఉంచాం, చెవి ఆమె చేతి మీదుగానే వస్తుంది. దీనితో పాటే ఇంకోటి గట్టిగా పెట్టుకున్నాం: ఆమె పాన్ కడిగే మనిషి కాదు. కడగడానికి వేరే షిఫ్టు ఉంది, బ్రష్, గ్లవుజులు, గంబూట్లతో. గది చూసి కార్డు ఇవ్వాలో వద్దో తేల్చే అధికారం ఆమెది. మనిషి మలాన్ని మనిషి చేత్తో ఎత్తడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చిన దేశంలో, వాడినవాడి నిర్లక్ష్యాన్ని ఎప్పుడూ ఒకే కులం చేతులతో తుడిపించడం మానాలంటే ఆ రెండు మగ్గుల నీళ్ళు వాడినవాడే పొయ్యాలి.

ఇక ఈ ఏర్పాటుకు నష్టపోయినవాళ్ళు. పాత బ్లాకు ఎంత మురికిగా ఉన్నా రాత్రిపూట తాళం ఉండేది కాదు. బజారు గోడవెంట పడుకునేవాళ్ళు, ఆటోవాళ్ళు, తెల్లారకముందే దూరం నుంచి వచ్చి గేటు తెరవడానికి ఎదురుచూసే లారీ డ్రైవర్లు అందులోకే వెళ్ళేవారు. తాళాలు పడ్డాక వాళ్ళు పక్క సందులోకి వెళ్ళారు. మా రిజిస్టర్‌లో బ్లాకు మెరిసిపోతోంది, సందు వాసన ఏ రిజిస్టర్‌లోనూ లేదు. యాక్సెస్ కంట్రోల్ విజయవంతమైందని చెప్పే ప్రతి రిపోర్టులోనూ నేను ముందు వెతికేది ఇదే, తలుపు మూసుకున్నవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? చివరికి మగవాళ్ళ వైపు ఒకటి, ఆడవాళ్ళ వైపు ఒకటి, రోడ్డుకు తలుపు పెట్టించి తాళం లేకుండా వదిలాం. పొద్దున అవి బాగోవు. మొదటి షిఫ్టు మొదట కడిగేవి అవే. వాటికీ తాళం వేద్దామని ఏడాదికోసారి ఎవరో ఒకరు ఫైలు కదుపుతారు. బ్రిటన్‌లో వికలాంగుల టాయిలెట్లకు 1981 నుంచి ఒకే రకం తాళంచెవి పథకం నడుస్తోంది. అవసరం ఉన్నవాళ్ళ చేతికి ముందే చెవి ఇచ్చి, ఊరూరా అదే తలుపు తీసుకునే ఏర్పాటు అది. తాళం వెయ్యాలంటే అలా చెవి ఎవరికివ్వాలో ముందు తేల్చాలి. గోడవెంట పడుకునేవాళ్ళకు మన దగ్గర ఏ కార్డూ లేదు.

డబ్బు విషయం క్లుప్తంగా. వేలం పాట మానేసి, నిర్వహణను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న మహిళా సమాఖ్యకు ఇచ్చారు. స్టాళ్ళ చందా, 5 రూపాయల వసూలు, మునిసిపాలిటీ ఇచ్చే నెలసరి మొత్తం కలిపి జీతాలు, బ్లీచింగ్, ఫినాయిల్, కరెంటు గడుస్తాయి. సెప్టిక్ ట్యాంకు తోడించడం, మోటారు రిపేరు మునిసిపాలిటీవి. 1974లో సులభ్ సంస్థ పాట్నాలో పే అండ్ యూజ్ మొదలుపెట్టినప్పటి నుంచీ మన దేశంలో వాడకం డబ్బుతోనే నిర్వహణ నడవాలన్న ఆశ ఉంది. రద్దీ ఉన్న స్టేషన్ దగ్గర అది కుదరవచ్చు. కూరగాయల బజారులో కుదరదు. మునిసిపాలిటీ మొత్తం ఆగిన నెలలో మొదట తగ్గేది పొద్దున రద్దీ వేళ రెండో మనిషి. ఆ వెంటనే 'ముందోళ్ళు' మళ్ళీ ప్రత్యక్షం. ఇది జరిగింది కూడా.

పక్క మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి చూసి, ఇదే పద్ధతి బస్టాండులో పెడతామన్నారు. వద్దన్నాను. బస్టాండులో రోజూ వచ్చే మనిషి లేడు, మేకుకు తగిలించడానికి కార్డు లేదు, బస్సు కదిలిపోతుంటే రెండు మగ్గులు పోసి రమ్మని ఎవరినీ ఆపలేం. అక్కడ చూపు వాడినవాడి మీద కాకుండా గది మీదే ఉండాలి. ప్రతి వాడకం తర్వాత మనిషి వెళ్ళి చూడాలి, నీళ్ళు తానే కొట్టాలి, దానికి తగ్గ జీతం ఇవ్వాలి. ఈ పద్ధతికి సరిపోయేవి పూల మార్కెట్లు, చేపల మార్కెట్లు, లారీ యార్డులు, హాస్టళ్ళు, వాటాల ఇళ్ళ ఉమ్మడి బాత్రూమ్‌లు. చేపల మార్కెట్ వాళ్ళకు మేకుల పలక కొలతలు, చెవికి కట్టే చెక్క సైజు రాసిచ్చాను. జీతం ఎవరిస్తారో తేలాకే తాళాలు కొనమని కూడా చెప్పాను. ఇది రాసేసరికి వాళ్ళు తాళాలు కొనేశారు, జీతం సంగతి ఇంకా కౌన్సిల్‌లో ఉంది.